విడీ ఘర్కుల్‌లో నా కథానాయిక ఇల్లు

మా ఊరి గ్రంథాలయంలో కార్మికుల జీవితాల మీద ఉన్న పుస్తకాలన్నీ చదివేసినవాణ్ని. షోలాపూర్‌లో బీడీలు చుట్టే తెలుగింటి లక్ష్మి మీద నవల రాయడానికి ఆ ఊరు చూడనక్కర్లేదనుకున్నాను. సోమవారం అచ్చుకి ఇచ్చే ముందు, అక్కడివాళ్లకి చివరి అధ్యాయం వినిపించి మెప్పు పొందుదామని మాత్రం బయల్దేరాను.

శుక్రవారం పదకొండున్నరకి సికింద్రాబాద్‌లో రైలు. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన చోటు కావాలంటే గంట ముందే చేరాలి. ఎదురుగా రాజేశం కూర్చున్నాడు; షోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర మరమగ్గం నడుపుతాడట. ఇరవై నిమిషాలు నా నవల గురించి చెప్పాను.

"విడీ ఘర్కుల్ అని బీడీలు చుట్టేటోళ్లకు కట్టిచ్చిన కాలనీల మా అక్క నర్సవ్వ ఉంటది, ఆమెకు చదివి చూపెట్టు సార్. నచ్చకుంటే మొగం మీదనే చెప్తది," అన్నాడు.

నచ్చకపోవడమనే మాట నాకు తట్టనేలేదు.

సాయంత్రం ఆరుకి దిగి స్టేషన్ ఎదుట లాడ్జిలో గది తీసుకున్నాను. నల్లులు నాకంటే ముందే దిగాయి. పొద్దున ఎనిమిదికి జొన్నరొట్టె, పల్లీల కారం తిని షేర్ ఆటో ఎక్కాను.

నర్సవ్వ ఇంట్లో నలుగురు ఆడవాళ్లు ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. "బసా, కూసో తమ్మీ," అంది. కూర్చోబోతూ పక్కనున్న చేటకి కాలు తగిలించాను. నా బదులు ఆమే దాన్ని తాకి కళ్లకద్దుకుంది. 'మూఢవిశ్వాసం' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను.

గొంతు సవరించుకుని చదివాను. మొగుడు తాగి తిడతాడు. లక్ష్మి చేటని కాలితో తన్ని, గుమ్మం దాటి స్వేచ్ఛలోకి నడిచిపోతుంది. నలుగురి వేళ్లూ ఒక్కసారి ఆగాయి. నేను కన్నీళ్ల కోసం చూశాను.

"చేటను తన్నిందా?" అంది నర్సవ్వ. "నానబెట్టి కత్తిరిచ్చిన ఆకు గదా. ఎవరు ఏరిండ్రు?"

ఎవరూ ఏరలేదన్నాను.

"మరి ఎటు పోయింది?" పక్కామె అడిగింది.

"స్వేచ్ఛ వైపు."

"గాడికి ఏ బస్సు పోతది?"

అందరూ పగలబడి నవ్వారు. నర్సవ్వ నవ్వలేదు.

"బీడీలు చుట్టినందుకే నాకు ఈ ఇల్లొచ్చింది తమ్మీ, నా పేరు మీద. మా ఆయన గూడ ఒకనాడు తాగి లొల్లి చేసిండు. ఆకు ఎండకుంట తడిగుడ్డ కప్పిన. చేట మంచం కిందికి జరిపిన. అటెన్క ఆయన చెప్పులు తీసి బయట పెట్టిన. పోతే ఆయన పోవాలె. నా ఇల్లు ఇడిచి నేనెందుకు పోత?"

అన్ని పుస్తకాలు చదివి, లక్ష్మి చేత ఆమె సొంత ఇంటినే వదిలించాను! కోపమొస్తే తలుపు ధడాలున వేసి గ్రంథాలయానికి పారిపోయేది నేను. నవలలో కాళ్లు లక్ష్మివి, నడక నాది.

"బీడీ సక్కగ రాకుంటే ఇప్పి మళ్ల చుడ్తం. నువ్వు గూడ ఇప్పు," అంది నర్సవ్వ, టీ చేతికిస్తూ.

మధ్యాహ్నం తిరుగు రైలెక్కి అచ్చుపనివాడికి ఫోన్ చేసి సోమవారం రానన్నాను. 'మూఢవిశ్వాసం' కొట్టేశాను. దారిలో వాడీ జంక్షన్ వచ్చేసరికి చివరి పేజీ మళ్లీ రాశాను. ఇప్పుడు లక్ష్మి ఆకు మీద తడిగుడ్డ కప్పి, తన ఇంట్లోనే కూర్చుంది. ఆ గుమ్మం దాటి బయటపడ్డది నేనొక్కణ్నే, చెప్పులు వెతుక్కుంటూ.