టీచరమ్మ అడిగిన పైకప్పు

మా ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన పెద్ద టీచరమ్మ పోయిన సోమవారం చనిపోయారు. ఆ సంగతి నాకు చెప్పింది టౌన్ బస్సు కండక్టర్. రిటైరయ్యాక కూడా ఆమె రోజూ రాజపాళయంలో ఎనిమిది గంటల బస్సెక్కి మా ఊరి బడికి వచ్చేవారు. జీతం లేదు, రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. ఆ రోజు ఆమె సీటు ఖాళీగా వచ్చింది.

"అన్నా, మీ టీచరమ్మ తెల్లవారి పోయినారంట" అన్నాడు కండక్టర్.

నేను నమ్మలేదు. ఊళ్ళో ఇంతమందిని ఏమార్చినవాణ్ణి, ఎవరేం చెప్పినా నన్ను ఆటపట్టిస్తున్నారనే అనుకుంటాను. అతని మొహం చూశాక నమ్మాను.

నేను ఆమె దగ్గర చదివినవాణ్ణి. చదవడమంటే పెద్ద మాట, ఆమె ఎదుట కూర్చున్నవాణ్ణి. ఒకసారి ఏడెనిమిదులెంతంటే యాభై నాలుగన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "అది వేరే లెక్కకు సరైన జవాబురా. ఆ లెక్క ఏదో వెతుక్కోని రా" అన్నారు. పీరియడంతా వెతికి ఆరుతొమ్మిదులు దొరికించుకున్నాను. నా జన్మకు అదొక్కటే పరిశోధన. ఎనిమిదో క్లాసుతో చదువాపి బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో చేరాను.

పెళ్ళిలో మేనమామ సీరు, అంటే కానుకలు, తెచ్చినట్టు, బడికి కావలసిన సామాను తట్టల్లో పెట్టి మేళంతో ఊరేగించి ఇవ్వడం మా పక్క వాడుక. కల్వి సీరు అంటారు. మూడేళ్ళ కింద మా ఊళ్ళోనూ ఘనంగా చేశాము. ఒకరినొకరు అడగకుండా ఎవరికి వారు తెచ్చింది గోడ గడియారమే. దాని మీద పేరు బాగా కనబడుతుంది కదా! రెండు గదుల బడికి తొమ్మిది గడియారాలు.

టీచరమ్మ అందరికీ దండం పెట్టి, "టైము మాకు శానా ఉండాది. పైకప్పే లే" అన్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నేను తొమ్మిదింటి ముళ్ళనూ తొమ్మిది రకాలుగా తిప్పి వచ్చాను. తిడతారనుకున్నాను. ఆమె ఆ వారమంతా మూడో క్లాసు పిల్లలకు వాటితోనే గంటలు, నిమిషాలు నేర్పారు. నాకు కబురు పంపి, "నువ్వు బడికి చేసిన మొదటి మంచి పని" అన్నారు.

ఇక నేను చేసిన చెడ్డ పని చెప్పాలి. పోయిన గ్రామ సభలో పంచాయతీ డబ్బుతో ఊరి మొదట్లో ఆర్చి కట్టాలా, బడి పైకప్పు వేయాలా అన్న మాట వచ్చింది. టీచరమ్మ మైకు దగ్గరికి వచ్చారు. నా నోరు ఊరుకుంటుందా? వెనక నుంచి అరిచాను.

"టీచరమ్మా, ముందు హాజరు పిలవండి! ప్రెసిడెంటు వచ్చినాడా లేదా తెలియాల!"

"ఉళ్ళేన్ టీచర్!" అని ప్రెసిడెంటే చేయెత్తాడు. బడిలో హాజరుకు అందరం అరవంలో అలా పలికినవాళ్ళమే. ఇంకేముంది, మీసాలు నెరిసినవాళ్ళూ, మనవళ్ళనెత్తుకున్నవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు "ఉళ్ళేన్ టీచర్!" నవ్వులు, ఈలలు. అంతలో టీ వచ్చింది. పైకప్పు మాట వచ్చే సభకు పోయింది.

బస్సు దగ్గర ఆమె నన్నాపారు. "చూసినావా, హాజరు పిలిస్తే ఊరంతా పలికినాది. మంచి నోరురా నీది. వచ్చే సభకు నాకిస్తావా?"

"ఇస్తాను టీచరమ్మా."

"నవ్వించు, వద్దనను. నవ్వినాక చేతులు ఎత్తించు."

ఆ సభ వచ్చే ఆదివారమే. మాటిచ్చింది నేను, అడిగిన మనిషి లేరు. అందుకే ఊళ్ళో మీ అందరికీ ఇది రాస్తున్నాను.

మీ పిల్లలు వ్యానెక్కి టౌన్ బడికి పోతారు, నాకు తెలుసు. నా కొడుకూ అలాగే పోయాడు. మనకెందుకీ బడి అని నేనూ ఆమెను అడిగాను. "వ్యాను ఆగని ఇల్లు ఒగటి ఉన్నా బడి ఉండాల్రా" అన్నారు. షెడ్డులో మన పక్క మగ్గం దగ్గర నిలబడే ఆడమనిషి ఇంటి ముందు ఏ వ్యానూ ఆగదు. కప్పు కూలి బడికి తాళం పడితే, ఆమె కూతురు మెయిన్ రోడ్డు దాటి పక్క ఊరికి నడవాలి. నడవదు, మాన్పిస్తారు. మగపిల్లాణ్ణి మాత్రం ఎలాగో పంపుతారు. మనకు సూది వేసే నర్సు, కరెంటు పోతే స్తంభమెక్కే లైన్‌మ్యాన్, ఆర్చి కావాలంటున్న ప్రెసిడెంటు, అందరూ ఆ రెండు గదుల్లోంచే వచ్చారు. ఆర్చి కింద కూర్చుని ఎవరికీ ఎక్కాలు రావు. మన డబ్బు, మన బడి. చేయెత్తడానికి సిగ్గెందుకు? ఎత్తుతారు, నాకు నమ్మకముంది. ఎత్తనివాళ్ళ సంగతి నా నోరు చూసుకుంటుంది.

టీచరమ్మ పోయిన మూడో రోజు మంచి వాన. బడికి వెళ్ళాను. వాన పడితే ఆమె కప్పు కారే చోటల్లా నేల మీద సుద్దముక్కతో సున్నా చుట్టి, పిల్లలను ఆ గీతల బయట కూర్చోబెట్టేవారట. ఆ రోజు ఇప్పటి టీచరు పక్క గదిలో ఉంది. ఎవరూ చెప్పకుండానే ఒక చిన్నపిల్ల సుద్ద తీసుకుని, పైకి చూస్తూ, చుక్క పడిన చోటల్లా సున్నా చుడుతోంది. ఆఖరి సున్నా గీసేసరికి గోడవార జానెడు చోటే మిగిలింది. ఆ పిల్ల అక్కడే మోకాళ్ళు ముడుచుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చదవడం మొదలుపెట్టింది.