పీట మీద వాలిన తూనీగ

మొన్న వాన వెలిశాక మా మామిడితోపులో తూనీగలు లేచాయి. వాటిని చూడగానే, నా ఏడో ఏట సెలవుకు వచ్చిన మామ గుర్తొచ్చాడు. అమ్మకు తమ్ముడు. నౌకాదళంలో విమానం నడిపేవాడు.

ఆ మధ్యాహ్నం తోపులో నీళ్లతొట్టి గట్టు మీద కూర్చుని అడిగాను. "మామా, ఓడ మింద విమానం ఎట్ట దించుతావు?"

"తూనీగను సూసినావా పాపా? అట్నే గాల్లో నిలబెట్టి, మెల్లిగా దించుతాం."

పక్కన కాయలు ఏరుతున్న అవ్వ, మామకు అమ్మ, తలెత్తింది. "ఓడ కదిలితేనో?"

"కదలకుండా యాడుంటాది మా? సముద్రం గదా!" అని మామ నవ్వేశాడు.

మామ తూనీగ వీపెక్కి సముద్రం మీద తిరుగుతాడని నేను నమ్మేశాను. ఆయన వెళ్లిన మర్నాడు తొట్టిలో చెక్కపీట వదిలి, అదే ఓడ అనుకున్నాను. ఎండకు నీళ్లు మెరుస్తున్నాయి. తూనీగ దిగబోయినప్పుడల్లా పీట ఊగేది, అది లేచిపోయేది. కాసేపు చూసిన అవ్వ, చెయ్యి మోచేతిదాకా నీళ్లలో ముంచి పీటను పట్టుకుంది.

"కదలాకు మే, వాడు దిగతాండాడు," అంది గుసగుసగా.

తూనీగను 'వాడు' అంటుందేమిటని నాకు నవ్వొచ్చింది. అది వాలాక కూడా అవ్వ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఏళ్లు గడిచి మామ అడ్మిరల్ అయ్యాడని తెలిసిన రోజు ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ముడతలు పడిన చేతితో అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"అయితే ఇంక వాడు ఎగరే పన్లేదు గదా?"

లేదన్నాను. అన్నేళ్లుగా బిగబట్టిన ఊపిరి అవ్వ అప్పుడు వదిలింది.