చేప తిప్పే వేళ

బొగ్గుల మీద నిమ్మరసం చుక్క పడి చుయ్‌మంటే చాలు, నా చెయ్యి పట్టకారు వెతుక్కుంటుంది. ఈ ఆదివారమూ అంతే. జిలేబీ చేపల్ని జాలీ మీద పెట్టి నిమిషం కాలేదు, రెండుసార్లు వంగి చూశాను. నిలకడ లేని మనిషిని నేను. బస్సు ఆగకముందే లేచి నిలబడే రకం. నాకు కాస్త ఆగడం నేర్పాలని చూసింది ఒక్కరే, సోమందేపల్లెలో మా పక్కింటి నూర్జహాన్ అక్క.

అక్క ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆదివారం హైవే పక్కన ఐసు పెట్టెల్లో చేపలు దిగితే పెరట్లో కుంపటి రాజేసేది. చేపను కడిగి, పాత నూలుగుడ్డతో తడి అద్ది, గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు పట్టించేది. నిమ్మరసం మాత్రం బొగ్గులు ఎర్రబడ్డాకే. నేను ముందే పట్టకారు అందుకుంటే చేతి మీద ఒక్కటి వేసేది. “యాడికి పోతాది పాపా చేప? నేను చెప్పినాక తిప్పు. కాలితే అదే జాలీని ఇడుస్తాది.”

ఒక వేసవిలో అక్కకు కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక నాలుగు రోజులు రెండు గుక్కల గంజి తప్ప ఏమీ దిగలేదు. తిండి తినకపోతే మళ్లీ చేర్చుకోవాల్సి వస్తుందన్నారు డాక్టరు. అక్క దక్కదేమోనని నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఐదో రోజు తనే పిలిచింది. “చేప తినాలని ఉండాది. కారం తగ్గించి నువ్వే కాల్చు పాపా.”

ఆ సంబరంలో పొద్దున్నే నిమ్మరసం పిండేశాను. మా ఇంట్లో పొట్టేలు మాంసాన్ని అలాగే నానబెడతాం, ఎంత నానితే అంత మెత్తన. మధ్యాహ్నానికి చేప పాలిపోయింది. జాలీ మీద వేసి, ఆగలేక తిప్పబోతే సగం బొగ్గుల్లో రాలింది. మిగిలిన తునకలు ఏరి, గిన్నె అక్క ముందు పెట్టి ఏడ్చేశాను.

“పొట్టేలనుకుంటివా ఏమి?” అని నవ్వబోయి, కుట్లు లాగి కడుపు పట్టుకుంది. ఒక తునక నోట్లో వేసుకుంది. తర్వాత ఇంకొకటి. “నమిలే పని గూడా పెట్టలేదు గదా నాకు!” గిన్నె ఖాళీ చేసింది. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు నా చేతి మీద దెబ్బలు వేస్తూనే ఉంది. పోయిన ఏడాది కన్ను మూసింది. ఇప్పుడు నిమ్మరసం చివర్లోనే పిండుతున్నాను. తొందర మాత్రం తగ్గలేదు. ఈ ఆదివారం పట్టకారు పట్టుకుని, అలవాటుగా పక్కకు తిరిగి, తిప్పమనే మాట కోసం నిలబడిపోయాను. చేప ఒక వైపు మాడిపోయింది.