‘వరకు’ అనే గడి

మా నాన్న బోర్డులు రాసేవాడు. ఊళ్లో సగం కొట్ల మీద ఆయన అక్షరాలే. కానీ ఆయన ప్రాణమంతా పురపాలక కార్యాలయం హాల్లోని నల్ల చెక్క బోర్డు మీదే ఉండేది. అధ్యక్షుల పట్టిక అది. పేరు, నుండి, వరకు అని మూడు గడులు. కొత్తవాడు రాగానే పేరూ, వచ్చిన తేదీ రాసి మూడో గడి ఖాళీగా వదిలేవాడు.

"అది అందరికీ నిండుతుందే తల్లీ. మనకేం తొందర," అనేవాడు.

రాస్తున్నంతసేపూ బడిలో నేర్చుకున్న ఓ భావకవిత గొణుక్కునేవాడు. కోట గోడలన్నీ కూలిపోయి సింహద్వారం ఒక్కటే మిగిలిన రాజ్యం గురించి. ఆ ద్వారంలోంచి గాలి ఎవరి సెలవూ అడక్కుండా వచ్చిపోతోందంటాడు కవి. అక్కడికి రాగానే నాన్న కిసుక్కున నవ్వేవాడు. స్టూలు పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వేదాన్ని. ఆ టర్పెంటైన్ వాసన, కిటికీలోంచి పడే పొద్దుటి ఎండ, నాన్న నవ్వు. అంత సుఖమైన రోజులు నేను మళ్లీ చూడలేదు.

తర్వాత అధ్యక్షుడిగా ఒకాయన వచ్చాడు. ఆయన నడిచొస్తుంటే మనుషులే కాదు, కుర్చీలు కూడా లేచి నిలబడతాయని గుమాస్తా చాటుగా అనేవాడు. రెండో ఏడు ఆయన బోర్డు ముందు ఆగాడు.

"మేస్త్రీ, నా పేరు పక్కన ఈ ఖాళీ ఏంటి? ఎప్పుడు దిగిపోతావని రోజూ అడుగుతున్నట్టుంది. పూడ్చెయ్."

"పేర్లు ఎన్నయినా రాస్తానండి. ఆ గడి గీతలు మాత్రం చెరపను," అన్నాడు నాన్న.

అమ్మ తల బాదుకుంది. మర్నాడే ఎవడో వెడల్పాటి బ్రష్షుతో ఆ గడి మీద నల్లరంగు పులిమి పోయాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాన్నను ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. కొట్ల బోర్డులు రాసుకుంటూనే ఉన్నాడు గానీ, ఆ వీధిలో నడవాల్సొస్తే తల పక్కకు తిప్పుకునేవాడు. "మళ్లీ ఆ బోర్డు ముట్టుకోకుండానే పోతానేమో," అన్నాడొకసారి.

చివరికి ఆ అధ్యక్షుడు ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓ మధ్యాహ్నం నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"మేస్త్రీ, దిగిపోయిన తేదీ లేని పేరు పట్టికలో చెల్లదట. సోమవారం నా పేరు తీసేస్తారట. తేదీ రాసిపెడతావా?"

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లకు మా ఇంటి దారి తెలిసిందా అండీ?" అనేశాను.

"నా మాట ఎవరూ వినట్లేదమ్మా," అన్నాడు తల దించుకుని.

నాన్న ఆయన చెప్పుల మీది దుమ్ము చూశాడు. తర్వాత లోపలికొచ్చి బ్రష్షులు వెతకసాగాడు.

"ఆయనగారు అడగ్గానే పరిగెత్తడమేనా నాన్నా?"

"ఆ పద్యం ఇన్నాళ్లూ తప్పుగా చదివానే. గాలి వచ్చిపోతోందంటే కవి వెక్కిరిస్తున్నాడనుకున్నా. పాపం, ఆ ద్వారాన్ని పలకరించడానికి గాలి తప్ప ఎవరూ మిగల్లేదని చెప్తున్నాడు."

గుమాస్తాకు కబురు పెడితే రమ్మన్నాడు. ముగ్గురం వెళ్లాం. గేటు దగ్గర కొత్త కాపలా మనిషి నాన్నకు దారిచ్చి, ఆయనకు చెయ్యి అడ్డం పెట్టాడు. గుర్తు పట్టలేదో, పట్టనట్టు నటించాడో.

"ఈయనెవరు? పనిలేనివాళ్లను లోపలికి పంపొద్దన్నారు."

ఆయన తన పేరు చెప్పబోయాడు. నాన్న తన చేతిలోని రంగుడబ్బా ఆయన చేతిలో పెట్టాడు.

"నా మనిషే బాబూ. డబ్బా పట్టుకోడానికి వచ్చాడు."

నాన్న చెయ్యి అప్పటికే వణికేది. ఆ గడికి మళ్లీ రెండు గీతలు గీసి, తేదీ వెయ్యడానికి గంట పట్టింది. నాకు కోపం ఎప్పుడు పోయిందో తెలీదు, కుర్చీ తెస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. డబ్బా రెండు చేతులతో పట్టుకుని, నాన్నకు బ్రష్షు ముంచుకోవడానికి వీలుగా కాస్త వంగి, అంతసేపూ అలాగే నిలబడ్డాడు.