చెప్పులబండ

నా చిన్నప్పుడు మా ఊరి మగవాళ్ళకు గాలం పిచ్చి ఉండేది. పిచ్చి అనే అంటాను, ఇంకో మాట లేదు. కమలాపురానికి పైన, పాపాఘ్ని ఒడ్డున మా ఊరు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక తప్ప ఏమీ కనబడని ఏరు అది. వానలు పడితే కొన్నాళ్ళు పారి, పోతూ పోతూ అక్కడక్కడా మడుగులు వదిలి పోయేది. ఇక చూడాలి మావాళ్ళ సంబరం! మగ్గం మీద ఉన్నవాడు మగ్గం వదిలి, దుక్కి దున్నేవాడు మడక వదిలి, తెల్లారేసరికి గాలపు కర్రలు భుజాన వేసుకుని బయలుదేరేవాళ్ళు. పనీపాటా లేనోళ్ళ కచేరీ అని మా అవ్వ రోజూ తిట్టేది. తిడుతూనే పులుసుకు చింతపండు నానబెట్టేది.

ఊరి నుంచి ఏటి దాకా అంతా ముళ్ళదారి. దాని చివర, ఇసుక మొదలయ్యే చోట, ఒక వెడల్పాటి బండ ఉండేది. చెప్పులబండ అనేవాళ్ళు. గాలం వేసే ప్రతివాడూ అక్కడ చెప్పులు విడిచి కూర్చోవాలి. నిన్న ఏ మడుగులో ఏం చూశాడో, ఈ రోజు ఎటు పోతాడో చెప్పి, ఆ తర్వాతే ఇసుకలో కాలు పెట్టాలి. తిరిగొచ్చి ఎవరి చెప్పులు వాళ్ళే తొడుక్కోవాలి. బండ మీద ఒక్క జత మిగిలినా ఎవరూ ఇంటికి కదలకూడదు. ఈ కట్టుబాటును కాపాడేది గాలాల తాత అని మేం పిలిచే ఒక ముసలి నేతగాడు. అక్కడ చెప్పుకునేవి సగం కోతలే. తప్పించుకుపోయిన చేప రోజురోజుకూ పెరుగుతూ ఉండేది. కానీ ఆ కోతల మధ్యనే నీటి సంగతి కూడా అందరికీ తెలిసేది.

ఒక ఏడు ఏరు ఎన్నడూ లేనంతగా పొంగి, ఒక్కసారిగా తగ్గిపోయింది. నీళ్ళు తీసిన తర్వాత ఇసుక రంగు మారింది. గాలి మళ్ళితే ఊళ్ళోకి కుళ్ళు వాసన వచ్చేది. కొంగలు మడుగుల మీదికి దిగినట్టే దిగి, వాలకుండా వెళ్ళిపోయేవి. మా అవ్వకు భయం పట్టుకుంది. చెప్పులు బండ మీద పెట్టకుండా ఏట్లో దిగనని మా చిన్నమామ చేత మాట తీసుకుంది. చిన్నమామ మా అమ్మకు తమ్ముడు. పెళ్ళి కుదిరి, లగ్నం కూడా పెట్టుకున్నారు. నేనంటే ప్రాణం ఆయనకు.

ఆ మామ కంట్లో ఒక కొరమీను పడింది. మోచెయ్యంత ఉంటుందట, తుమ్మల మడుగులో తిరుగుతోందట. బండ దగ్గర కూర్చుంటే ఎటు పోతున్నాడో చెప్పాలి, చెబితే అందరూ అక్కడికే వస్తారు. అందుకని మా మహానుభావుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున్నే నన్ను పెరట్లోకి పిలిచి చెప్పులు నా చేతికిచ్చాడు.

"నేను చేనుగట్ల మీద పోతా. నువ్వు ఇవి తీసకపోయి బండ మీద పెట్టు. అవ్వకిచ్చిన మాటా నిలబడతాది. తుమ్మల మడుగు అని మాత్రం ఎవురికీ చెప్పాకు. నా మీద ఒట్టు."

నేను వెళ్ళేసరికి బండ మీద నవ్వులు సాగుతున్నాయి. చెప్పులు పెట్టాను. గాలాల తాత వాటిని చూశాడు, నన్ను చూశాడు.

"చెప్పులొచ్చినాయి. మనిషి యాడ పాపా?"

నేను చెప్పులు సర్దుతున్నట్టు వంగాను. ఆయన ఇంకేదో అడగబోతుండగా ఊరి చివర ఉండే ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"నిన్న సాయంత్రం తుమ్మల మడుగు కాడ మా ఎనుము దిగబడిందప్పా. కొమ్ములు పట్టుకున్యా నిలవలేదు. మా కండ్ల ముందరే మునిగిపాయ. అడుగున ఇసక కాదు, ఊబి. ఆ పక్కకు ఎవురూ పోవాకండి."

బండ మీద నవ్వులు ఆగిపోయాయి. ఒట్టు తప్పితే ఎవరి మీద వేశారో వాళ్ళు చచ్చిపోతారని మా పిల్లలందరికీ గట్టి నమ్మకం. చెబితే మామ పోతాడు. చెప్పకపోయినా పోతాడు. ఓయమ్మా, ఆ క్షణం నేను పడిన నరకం పగవాళ్ళకు కూడా వద్దు. చివరికి ఏడుపుతో పాటే ఆ మడుగు పేరు బయటికొచ్చేసింది.

అందరూ వట్టి కాళ్ళతోనే పరుగెత్తారు. నేనూ వెనకే పరుగెత్తాను. అక్కడికి చేరేసరికి మడుగు చడీచప్పుడు లేకుండా ఉంది. తుమ్మకొమ్మకు మామ తువ్వాలు వేలాడుతోంది. నీళ్ళ మీద గాలపు బెండు కదలకుండా నిలబడి ఉంది. దానికి ఇవతల, చంకల దాకా దిగబడి, తుమ్మవేరు పట్టుకుని మా మామ. అరిచి అరిచి గొంతు పోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"ఎవురూ నిలబడాకండి, పండుకోండి!" అని కేక వేశాడు తాత. మగవాళ్ళంతా ఇసుక మీద బోర్లా పడుకుని, ఒకరి కాళ్ళు ఒకరు పట్టుకుని, పంచెలు ముడివేసి మామ చంకల కిందికి అందించారు. ఎంతసేపు లాగారో నాకు తెలియదు. ఆ ఊబి ఆయనను చప్పరిస్తూ చప్పరిస్తూ వదిలింది.

బండ దగ్గరికి తిరిగొచ్చి ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కున్నారు. మామ జత మిగిలింది. ఆయనకు కాలు ఎత్తే ఓపిక కూడా లేదు. అప్పుడు గాలాల తాత వంగి, ఆ చెప్పులు తీసి, తన చేత్తో మామ కాళ్ళకు తొడిగాడు. మామ ఆయన చేతులు పట్టుకున్నాడు.

"వద్దు తాతా, పెద్దోనివి, నా చెప్పులు ముట్టుకోవాకు."

"చెప్పులు పంపిస్తే సరిపోదు నాయనా. చెవులు గూడా తీసకరావల్ల."

అంతే. మామ ఆ బండ మీదే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు మాత్రం లోపల దిగులు తీరలేదు. తాత పంచె పట్టుకుని, ఒట్టు తప్పాను కదా, మామ చచ్చిపోతాడా అని అడిగాను. ఆయన నా తల నిమిరాడు.

"ఆ ఒట్టు ఈ బండ మీద పెట్టి పో పాపా. నేను చూసుకుంటా."

మామ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు, ముసలివాడై మంచం మీద పోయాడు. ఆ రోజు తర్వాత బండ దగ్గరికి అందరికంటే ముందు చేరేది ఆయనే. వచ్చి కొరమీను గురించి ఘోరంగా కోతలు కోసేవాడు.

ఇప్పుడు కడపలో నా మనవడికి అదే పిచ్చి పట్టింది. సెలవొస్తే గాలం పట్టుకుని ఏ చెరువుకో, ఏ ఏటికో పోతాడు. నీళ్ళలో దిగే ముందు అందరూ ఒకచోట కూర్చుంటారా అని ప్రతిసారీ అడుగుతాను. "ఫోన్లో గ్రూపుండాది అవ్వా, అన్నీ దాంట్లోనే చెప్పుకుంటాం" అంటాడు. నవ్వి వెళ్ళిపోతాడు. వాడు పోయిన రోజు నేను గడప దగ్గరే కూర్చుంటాను. కోడలు సంగటి పెట్టి పిలుస్తూనే ఉంటుంది. వాడొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినబడేదాకా నాకు ముద్ద దిగదు.