సూచికకు ఎక్కని పెద్దకొడుకు

1976: ఆదోనిలో మా వంశం చేసే గుడి సేవల పట్టికలో తమ్ముడి పేరు మొదట, నాది తరువాత రాశారు. ఉత్సవంలో తొలిపూజ మొదటి పేరువాడిది.

1979: జనన పత్రం చూపనిదే వరుస మార్చలేమన్నారు గుడి అధికారులు.

1981: ఆదోని జనన నమోదు కార్యాలయంలో తమ్ముడి పత్రం ఒక్క పూటలో దొరికింది. నాది లేదన్నారు. అతడు దానికి పటం కట్టించి, నేను భోజనానికి కూర్చునే చోటికి ఎదురుగా తగిలించాడు.

"నువ్వే పెద్దోనివని నాకు తెల్సన్నా," అన్నాడు పప్పు వడ్డించుకుంటూ. "కాగితానికి తెలీదు గదా."

నన్ను బాధించింది ఆ మాట కాదు. 'తెలియజేసినవారు' అన్న గడిలో నాయన పేరు ఉంది. వాడు పుట్టిన మూడోనాడే నాయన స్వయంగా వెళ్ళి నమోదు చేయించాడు. ఆ గడిని నేను ఎన్నిసార్లు చూశానో నా దినచర్యలో ఉంది, ఇక్కడ రాయను.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. అది తెలిసీ ఆదోనిలోనే వెతకడం నా తప్పు. మరుసటి ఏడు అమ్మ పుట్టిల్లయిన ఎమ్మిగనూరుకు బస్సెక్కాను. అక్కడి నమోదు కార్యాలయంలో గుమాస్తా జననాల పుస్తకపు పేర్ల సూచికలో నాయన పేరు కోసం చూసి పుస్తకం మూశాడు.

"లేదు సామీ. ఇంగ యాడ సూడాల?"

"సూచిక వద్దప్పా. ఆ ఏడాది పుస్తకమే ఇయ్యి. ఒక్కొక్క పుటా నేనే సూస్తాను."

"పొద్దు గూకతాది."

"గూకనీ."

మూడు గంటలకు కనబడ్డాను. నామకరణం కాకముందే రాసినందున 'మగశిశువు' అని మాత్రమే ఉంది. తండ్రి గడిలో నాయన పేరు సరిగ్గానే ఉంది. 'తెలియజేసినవారు' గడిలో ఉన్నది అమ్మ తండ్రి పేరు. సూచిక రాసినవాడు తండ్రి గడి బదులు ఆ గడి చూసి, నన్ను తాత పేరు కింద చేర్చాడు. వెతికేవారు ముందు తల్లి పుట్టిన ఊరు, తరువాత తాత పేరు, చివరకు అసలు పుటలు చూడాలని అక్కడే రాసుకున్నాను.

అక్కడ రాయించుకున్న నకలు ప్రకారం నేను రెండేళ్ళు పెద్ద. అయినా తిరుగు బస్సులో నా లెక్క వేరు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు ఎంత దూరమని నాయన రాలేదు?

తమ్ముడు నకలు చూసి, మడిచి, నా చేతిలోనే పెట్టి లేచిపోయాడు. అందుకే ఒకే కప్పు కింద ఉంటున్నా, అతనికి తపాలాలో ఇలా రాశాను:

"ఒకటి, పట్టికలో నా పేరు మొదట రాయిస్తావా, లేదా? రెండు, నాయన పేరున్న ఆ పటాన్ని నెల రోజులు నా గదిలో ఉంచుకోనిస్తావా, లేదా? పదిహేను రోజులలోగా రెండింటికీ విడివిడిగా, లిఖితపూర్వకంగా, సంతకంతో జవాబివ్వవలసింది. భోజనాల దగ్గర చెప్పిన మాట జవాబుగా పరిగణించబడదు."