టోకెన్ లేని బండి

"సార్ పోయిండ్రట మేడం" అని మా కంట్రోల్ రూం ఆపరేటర్ భాయ్ చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయిన ఆదివారమే తాండూరులో వాళ్లింట్లో కూర్చుని వాదన సగంలో ఆపి వచ్చాను. మిగతాది వచ్చేవారం అన్నారు. ఈసారి నాదే పైచేయి. జవాబు కాగితం మీద రాసి సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆయన ఇలా మధ్యలో లేచి వెళ్లిపోతే అది ఎవరికి చూపించాలి?

తాండూరు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో నన్ను ఆయన కింద వేశారు. నేను వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. సార్ అంతకుముందు రైల్వేలో సిగ్నల్ పని చేసేవారు. అరవై తొమ్మిదిలో చేరి, ఒంటి లైను స్టేషన్లలో టోకెన్ యంత్రాలు బాగుచేస్తూ తిరిగారట. రెండు స్టేషన్ల మధ్య ఒకటే పట్టా ఉన్నచోట డ్రైవర్ చేతికి టోకెన్ వస్తేనే బండి కదలాలి. అది ఒకరి చేతిలో ఉండగా రెండోది బయటికి రాదు. ఆ టోకెన్‌ను సంచిలో వేసి, పెద్ద బెత్తం రింగుకు కట్టి, కదిలే ఇంజనుకు అందిస్తారు. రైల్వే వదిలినా సార్ ఆ రింగును వదల్లేదు. అలాంటిదే ఒకటి చేయించి కంట్రోల్ రూంలో మేకుకు తగిలించారు. అది భుజాన వేసుకున్నవాళ్లే ప్రోగ్రాంలో చెయ్యి పెట్టాలి. మిగతావాళ్లు ముట్టకూడదు.

ఎంత నవ్వులపాలయ్యామో చెప్పలేను. క్యాంటీన్‌కు రింగుతో, మేనేజర్ దగ్గరికి రింగుతో. ఒకరోజు మర్చిపోయి దాంతోనే ఇంటికెళ్లే రైలెక్కేశాను. దారిలో ధారూర్ స్టేషన్లో ఎవరో ముసలాయన "గదేంది బిడ్డా, మెడల?" అని అడిగితేగానీ తెలియలేదు. దిగి, గంటన్నర కూర్చుని, ఎదురు బండిలో తాండూరు వెళ్లాను. ప్లాట్‌ఫాం మీద సార్ చెయ్యి చాచి నిలబడి ఉన్నారు, అచ్చం టోకెన్ అందుకునే స్టేషన్ మనిషిలాగే. నేను లేని ఆ మూడు గంటలూ ఒక్క అక్షరం తప్పు దిద్దడానికి కూడా ఎవర్నీ ప్రోగ్రాం ముట్టనివ్వలేదట. నియమం పెట్టిన మనిషి తనకైనా సడలింపు ఇచ్చుకోవచ్చు కదా! "నేను ముడితే ఇగ రింగెందుకు?" అన్నారు. ఆ కోపంలో వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

ఇక అసలు సంగతి. మా కంప్యూటర్‌లో నాలుగైదు ప్రోగ్రాంలు ఒకేసారి నడిచేవి. సున్నపురాయి ఎంత, ఎర్రమట్టి ఎంత అని ఒకటి లెక్కకట్టి కంప్యూటర్ మెమరీ గడుల్లో రాసేది. ఇంకొకటి ఆ గడులు చూసి బెల్టులను నడిపేది. గడిని ముట్టే ప్రోగ్రాం ముందు టోకెన్ తీసుకోవాలని, అది ఒకదాని దగ్గర ఉండగా రెండోది ఆగాలని సార్ అక్కడా అదే నియమం పెట్టారు. పదిహేను రోజులకో నెలకో ఒకసారి పాళ్లు చెడిపోయేవి. బట్టీ పాడై, మాలు పారబోసేవాళ్లం. కారణం మాత్రం దొరికేది కాదు. ల్యాబ్ నుంచి వచ్చిన అంకెలను ఆపరేటర్ భాయ్ కొట్టేవాడు కాబట్టి, తప్పు కొట్టాడని ఆయనకే మెమో ఇచ్చారు. ఇంకోసారి జరిగితే ఉద్యోగం ఉండదన్నారు. ఇంట్లో ఆరుగురిని పోషిస్తున్న మనిషి.

తప్పు పట్టుకుందామని నేను ప్రోగ్రాం చేసే పనిని అడుగడుగునా కాగితం మీద అచ్చు వేయించాను. అలా చేసినన్నాళ్లూ తప్పు రాలేదు. అచ్చు తీసేస్తే మూడోవారానికి వచ్చింది. మళ్లీ పెడితే మళ్లీ మాయం. అచ్చు కోసం ప్రోగ్రాం ఆగడంతో రెండు ప్రోగ్రాంల వేళలూ మారిపోయేవి, తప్పు జరిగే అదను తప్పేది. తల బాదుకున్నాను.

సార్ నా కాగితాలన్నీ తిరగేసి పక్కన పెట్టారు. "బండ్లు గుద్దుకునేదాక కూసుంటవా? గుద్దుకున్నదా లేదా అన్నది ఇడిసిపెట్టు. టోకెన్ లేకుంట ఏ బండి లైనెక్కిందో గది చూడు" అన్నారు.

పది రోజుల్లో ఆయనే ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. ఏ ప్రోగ్రాం ఏ గడిని ముట్టినా, అప్పుడు దాని చేతిలో టోకెన్ ఉందా లేదా అన్నదే అది గుర్తుపెట్టుకునేది. పాళ్లు చెడాల్సిన పని లేదు. అంతా సవ్యంగా నడుస్తున్న ఒక మధ్యాహ్నం దాన్ని నడిపి, పదకొండు వరుసల కాగితం నా ముందు పెట్టారు. పదకొండు చోట్ల టోకెన్ లేని బండ్లు.

చాలావరకు ఉత్త అనుమానాలేనని చూడగానే చెప్పేశాను. "అయితే ఒక్కొక్కటి ఎందుకు ఫికర్ లేదో రాయి" అన్నారు. ఆయనతో ఇదే విసుగు. ఏదీ ఊరికే వదలరు. చచ్చీచెడీ తొమ్మిది వరుసలకు కారణం రాశాను. ఇది మిషన్ మొదలయ్యేటప్పుడే నడుస్తుంది, దీన్ని ముట్టేది ఒక్కటే, అలా. పదోదాని దగ్గర కలం ఆగింది.

అది నేను రాసిన ప్రోగ్రామే. బెల్టులు నడిపేది. గడి మార్చదు, చూస్తుందంతే, చూడ్డానికి టోకెన్ ఎందుకని వదిలేశాను. సున్నపురాయి అంకె కొత్తది పడి, మట్టి అంకె ఇంకా పాతదే ఉన్న ఆ రెప్పపాటులో చూస్తే? కొత్తదొకటి, పాతదొకటి తీసుకుపోతుంది. కారణం రాయలేకపోయాను.

"చూసుడే గదా అని పట్టాల మీదికి పోతమా బిడ్డా?" అన్నారు సార్. అరవలేదు. అరిచినా బాగుండేది. అన్నం తిని వెళ్తానన్నా వినకుండా నన్ను ముందు మేనేజర్ దగ్గరికి, తర్వాత ఆపరేటర్ భాయ్ దగ్గరికి నడిపించారు. తప్పు నాదని నా నోటితోనే చెప్పించారు.

భాయ్ తన వేళ్లు చూసుకున్నాడు. "మూడు నెలల సంది నా చేతుల మీద నాకే నమ్మకం లేదు మేడం. ఒక్కొక్క అంకె మూడుసార్లు చూసి కొడుతున్న" అన్నాడు. తిట్టలేదు. మెమో వెనక్కి తీసుకున్నారు. ఆ మాట మాత్రం ఇప్పటికీ నా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

పదకొండోది మిగిలిపోయింది. అది ఉత్త అనుమానమేనని నేను, కాదని ఆయన. రిటైరైనా వదల్లేదు. ఆదివారాలన్నీ దానికే పోయాయి. సంచిలో ఉన్నది దాని జవాబే.

నిన్న భాయ్, నేను కలిసి వాళ్లింటికి వెళ్లాం. రిటైరైన రోజు సార్ తీసుకెళ్లిన ఆ రింగు గోడ మేకుకు ఉంది. "ఎవరన్న ఒకరు తీస్కపోండ్రి" అన్నారు సార్ భార్య. ఇద్దరం ఒకేసారి చెయ్యి చాచాం, ఇద్దరం ఒకేసారి వెనక్కి తీసుకున్నాం. చివరికి భాయే దాన్ని తీసి నా భుజాన వేశాడు. "మీరే ఉంచుకోండ్రి మేడం. మర్చిపోయి ఇంటికి తీస్కపోయేది మీరే గదా" అన్నాడు. నవ్వబోయి ఏడ్చాను.

సాయంత్రం బండిలో రింగు నా భుజం మీదే ఉంది, జవాబు కాగితం సంచిలో ఉంది. ఆలోచనలో పడి స్టేషన్లు చూడలేదు. ధారూర్‌లో బండి ఆగింది. తాండూరులో ఆయన చెయ్యి చాచి నిలబడి ఉంటారని, దిగి ఎదురు బండి ఎక్కాలని గబగబా లేచి తలుపు దాకా వెళ్లాను.